మసీహ్, క్రీస్తు, హవారీలు

మన వైరా ప్రాంతంలో మసీదు, చర్చి రెండూ ఉన్న ఊళ్లకు కొదవ లేదు. పొరుగున ఉన్న క్రైస్తవ సోదరులు ‘యేసుక్రీస్తు’ అంటారు. మనం ‘హజ్రత్ ఈసా మసీహ్ (అలైహిస్సలాం)’ అంటాం. ఇద్దరూ ఒక్కరేనని అందరికీ తెలుసు. కాని ‘క్రీస్తు’, ‘మసీహ్’ అనే రెండు మాటలకూ అర్థం మొదట ఒకటేనన్న సంగతి చదువుకున్నవారిలో సైతం చాలామందికి తెలియదు. క్రీస్తు అనేది ఇంటిపేరు వంటిదని భావించేవారు కూడా ఉన్నారు. ఆ మాట తెలియనిదే పొరుగువాని విశ్వాసం తెలియదు. మనకూ అతనికీ భేదం సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో అసలే తెలియదు.

బనీ ఇస్రాయీల్‌లో ఒక ఆచారం ఉండేది. రాజుగా నియమితుడైన వ్యక్తి తలపై ప్రవక్త తైలం పోసేవారు. దివ్య ఖుర్ఆన్ తాలూత్ అని పేర్కొన్న రాజును బైబిలు సౌలు అంటుంది. ఆయనను, ఆయన తరువాత హజ్రత్ దావూద్ (అ)ను సమూయేలు ప్రవక్త ఇలాగే అభిషేకించినట్లు బైబిలు కథనం. అలా అభిషిక్తుడైనవాడు హీబ్రూ భాషలో ‘మషీఅహ్’. రాజ్యం పోయి, పరాయి పాలనలో మగ్గిన తరాలలో ఆ మాట ఒక ఆశగా మారింది: దావూద్ వంశంలో వాగ్దత్త రాజు వస్తాడు, మనలను విడిపిస్తాడు. హీబ్రూ మాటకు గ్రీకు అనువాదమే ‘క్రిస్తోస్’. అదే తెలుగులో క్రీస్తు అయింది. మసీహ్ దాని అరబీ రూపం. మన నిఘంటుకారులు దానిని ‘మసహ’ అనే ధాతువుతో ముడిపెట్టి, చేతితో నిమిరి రోగులను స్వస్థపరిచేవారు కనుక ఆ బిరుదు వచ్చిందని కూడా వివరించారు.

కనుక క్రైస్తవుడు ‘యేసే క్రీస్తు’ అన్నప్పుడు పేరు చెప్పడం లేదు, ఒక ప్రకటన చేస్తున్నాడు: ఎదురుచూసిన రాజు ఈయనే అంటున్నాడు. మార్కు సువార్త ఎనిమిదవ అధ్యాయంలో శిష్యుడు పేతురు నోట ఈ గుర్తింపు వెలువడుతుంది. వెనువెంటనే యేసు తన శ్రమలను గురించీ, తనను వెంబడించేవాడు తన్ను తాను ఉపేక్షించుకుని సిలువ ఎత్తుకోవాలనీ చెప్పినట్లు అక్కడే ఉంది. సింహాసనం మాటే రాదు. జనం బలవంతంగా రాజును చేయబోతే ఆయన ఒంటరిగా కొండకు వెళ్లిపోయారని యోహాను సువార్త అంటుంది. రాజును గుర్తించడం, శిష్యుడు కావడం క్రైస్తవ బోధలో వేర్వేరు విషయాలు కావు.

ఇది మన కళ్లెదుటే కనిపించే చోటు ఒకటుంది. ఖమ్మం నుండి వరంగల్ వైపు రైలులో వెళ్తే డోర్నకల్ వస్తుంది. అక్కడి కెథెడ్రల్ గుమ్మటాలు, మీనార్లు చూసి కొత్తవారు మసీదేమో అనుకుంటారు. లోపలి స్తంభాలేమో దేవాలయాలను తలపిస్తాయి. నిజాం పాలనలో ఉన్న ఆ ఊరికి 1909లో తిరునెల్వేలి తమిళుడు వి.యస్. అజరయ్య వచ్చారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనే. కట్టడానికి ఏళ్లకేళ్లు పట్టిన ఆ చర్చి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది. ఆ తేదీకి అర్థముంది. అది ‘ఎపిఫనీ’ పండుగ రోజు, చర్చి పేరూ అదే. యూదుల రాజుగా పుట్టినవాడు ఎక్కడని అడుగుతూ తూర్పు దేశపు జ్ఞానులు వచ్చిన ఘట్టాన్ని క్రైస్తవులు ఆ రోజు స్మరిస్తారు. రాజును మొదట గుర్తించిన పరదేశులు వారు.

అక్కడ విశ్వాసులైనవారిలో అత్యధికులు మాల, మాదిగ కూలీలు. బాప్తిస్మం పొందినవారి చేత అజరయ్య తలపై చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న భావం గల పౌలు మాటను పలికించేవారు. దొర ముందు తలవంచి నిలబడవలసిన కూలీకి మరొక రాజు ఉన్నాడనడం చిన్న విషయం కాదు. ఆ ఆకర్షణను ‘గోధుమపిండి కోసం’ అని కొట్టిపారేసేవారి మాట నాకు రుచించదు.

ఇక ఖుర్ఆన్‌లో మసీహ్ అనే మాట 11 సార్లు వచ్చింది. ఆ బిరుదును ఖుర్ఆన్ ఎక్కడా తిరస్కరించలేదు, సమ్మతించింది. అయితే తాలూత్‌కు, దావూద్ (అ)కు రాజ్యాధికారం ఇచ్చినట్లు చెప్పే ఖుర్ఆన్, ఈసా (అ)ను రాజు అని ఎక్కడా అనలేదు. పైగా మసీహ్ అల్లాహ్‌కు దాసుడై ఉండటాన్ని చిన్నతనంగా ఎంచరని సూరా నిసా స్పష్టం చేస్తుంది. ఆయన మళ్లీ వచ్చి న్యాయంగా తీర్పు చేస్తారని హదీసులు తెలుపుతున్నాయి. అప్పుడు కూడా ఆయన దాసులే. భేదం బిరుదులో లేదు. ఆ బిరుదు ధరించిన వారి ముందు మోకరిల్లవచ్చా అన్న చోట ఉంది.

శిష్యుల విషయానికొస్తే ఖుర్ఆన్ వాడిన మాట ‘హవారీలు’. ‘అల్లాహ్ మార్గంలో నాకు తోడ్పడేవారెవరు?’ అన్న భావంతో ఈసా (అ) అడిగితే, మేమే అల్లాహ్ సహాయకులమని వారు బదులిచ్చారు. సూరా సఫ్ఫ్ చివరి ఆయత్ విశ్వాసులందరినీ వారివలె ఉండమంటుంది. హజ్రత్ జుబైర్ (రజి)ను దైవప్రవక్త (సల్లం) తన హవారీ అన్నారు. అనువాదంలో ఇక్కడే చిక్కు వస్తుంది. ‘శిష్యులు’ అని రాస్తే తెలుగు పాఠకునికి గురువు పాదాల చెంత కూర్చుని వినేవారు గుర్తొస్తారు; లేచి భుజం కలిపేవారు గుర్తురారు. అందుచేత నేను ‘హవారీలు’ అని ఉంచి, పక్కన ‘సహాయకులు’ అని రాస్తాను. మసీహ్‌ను మసీహ్‌గానే ఉంచుతాను. అక్కడ ‘క్రీస్తు’ అని రాస్తే మన పాఠకుడు ఉలిక్కిపడతాడు, ‘అభిషిక్తుడు’ అంటే ఎవరికీ అందదు.