ఉద్యానవనమున లోహశోధన

విమానాశ్రయ ద్వారమున మన జేబులోని తాళపుచెవిని పసిగట్టి కూయు మెటల్ డిటెక్టరును ఎరుగనివారు నేడు అరుదు. అట్టి యంత్రమునే పొడవైన కఱ్ఱకు అమర్చి, చెవులకు ఇయర్‌ఫోనులు తగిలించుకొని, నేలపై అటునిటు ఊపుచు నడచుట ఇంగ్లండులో ఎందరికో సెలవునాటి వినోదము. మనవారి బిడ్డలు అనేకులు ఆ దేశమున స్థిరపడియున్నారు గనుక ఈ వినోదమును గూర్చియు, దానివలన ఎదురగు పోలీసువారి ప్రశ్నను గూర్చియు తెలిసికొనుట నిరుపయోగము కాదు.

యంత్రములోని సూత్రము రేడియో గల ఇండ్లవారికి మిక్కిలి క్రొత్తది కాదు. రేడియోలో వలెనే ఇందును తీగచుట్ట కలదు. దానియందు దిశ మార్చుకొను విద్యుత్తు ప్రవహించినపుడు చుట్టును అయస్కాంత క్షేత్రము ఏర్పడును. ఆ క్షేత్రము నేలలోని నాణెమును సోకగా నాణెమునందును చిన్న విద్యుత్ప్రవాహములు పుట్టును. వానివలన కలుగు మార్పును యంత్రము గ్రహించి ధ్వనిగా వినిపించును. అయితే ఆ ధ్వని లోహమున్నదని మాత్రమే చెప్పును. ఆ లోహము ఎవరిదో చెప్పదు. చిక్కంతయు అచ్చటనే కలదు.

ఒకడు పార్కులో మోకరించి గడ్డిని పెకలించుచుండగా చూచినవారు పోలీసులకు తెలుపుదురు. పోలీసు వచ్చి, “ఇచ్చట ఏమి చేయుచున్నారు?” అని అడుగును. “ఇది ప్రజల తోట, నేనును ప్రజలలో ఒకడను, త్రవ్విన తప్పేమి?” అని వానికి తోచుట సహజము. ఈ ప్రశ్నకు ఆ దేశపు న్యాయస్థానమే సమాధానము చెప్పియున్నది.

1992లో సర్రే ప్రాంతమునందలి ఫార్నమ్ పార్కులో ఫ్లెచర్ అను నతడు ఇట్టి యంత్రముతో వెదకుచు, సుమారు తొమ్మిది అంగుళముల లోతున మధ్యయుగము నాటి బంగారు పతకమును కనుగొనెను. అతడు దానిని దాచలేదు; అధికారులకు తెలిపెను. విచారణలో అది నాటి చట్టము ప్రకారము ప్రభుత్వమునకు చెందు నిక్షేపము కాదని తేలెను. అంతట పార్కునకు యజమానియగు వేవర్లీ బరో కౌన్సిలు ఆ పతకము తమదని దావా వేసెను. మొదటి న్యాయస్థానము ఫ్లెచర్ పక్షమున తీర్పు చెప్పినను, 1995లో అప్పీలు న్యాయస్థానము కౌన్సిలు పక్షమున చెప్పెను. నేలలో పాతుకొనియున్న వస్తువునందు, దొరికించుకొన్నవానికంటె నేల యజమానికే మిక్కిలి హక్కు కలదనియు, పార్కులో విహరించుటకు ప్రజలకిచ్చిన అనుమతి త్రవ్వుటకు వర్తింపదనియు ఆ తీర్పు సారాంశము. సత్యవంతుడైనను ఫ్లెచర్ పతకమును పోగొట్టుకొనెను. నడచు హక్కు వేరు, త్రవ్వు హక్కు వేరు.

కావున యంత్రమును చేతబట్టుటకు ముందే ఆ పార్కు ఎవరి స్వాధీనమున నున్నదో కనుగొని, వారి అనుమతిని వ్రాతమూలముగా పొందవలెను. పెక్కు కౌన్సిళ్లు ఈ అనుమతి నీయవు. ఈయనిచోట మానుకొనుటయే మార్గము. రక్షిత పురాతన స్థలములందైతే హిస్టారిక్ ఇంగ్లండు సంస్థవారి వ్రాతపూర్వక సమ్మతి లేక యంత్రమును ఉపయోగించుటయే 1979 నాటి చట్టము ప్రకారము నేరము. ఏమియు త్రవ్వకున్నను నేరమే.

ఇక పోలీసు ఎదురుపడినపుడు చేయవలసినది స్వల్పము. ఇయర్‌ఫోనులు తీసివేయవలెను, త్రవ్వుగోలను క్రింద నుంచవలెను, అనుమతి పత్రమును చూపవలెను. కేవలము ప్రశ్నించినంత మాత్రమున సాధారణముగా బదులు చెప్పితీరవలెనను నిర్బంధము లేదు. బదులీయకుండుట ఒక్కటే సోదాకు కారణము కానేరదు. అయినను దాచవలసినది లేనివానికి ఒక మర్యాదయైన మాట వలన పోవునది ఏమున్నది? సోదా చేయదలచినచో 1984 నాటి పోలీసు చట్టము ఆ అధికారికిని కొన్ని కట్టుబాట్లు విధించినది. తగిన అనుమానము ఉండవలెను. తన పేరును, తన స్టేషనును, దేనికొరకు వెదకుచున్నాడో, ఏ చట్టము ప్రకారము వెదకుచున్నాడో ముందుగా చెప్పవలెను. సోదా వివరముల పత్రమును కోరు హక్కు పౌరునకు కలదు. ఈ సంగతులు ఎరిగినవాడు భయపడడు, వాదులాటకును దిగడు.

అనుమతితో వెదకినను, దొరికినది ప్రాచీనమైన వెండి బంగారములైనచో మరియొక బాధ్యత కలదు. 1996 నాటి నిక్షేప చట్టము ప్రకారము, అది నిక్షేపమని తోచిన పదునాలుగు దినములలో కరోనర్ అను విచారణాధికారికి తెలుపవలెను. తెలుపనివానికి మూడు నెలల వరకు కారాగారము గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. తెలిపినవానికి, మ్యూజియము ఆ వస్తువును కొన్నచో, పారితోషికము లభింపవచ్చును. యుద్ధకాలపు ప్రేలని గుండువంటిది కనబడినచో మాత్రము తాకక, దూరముగా తొలగి పోలీసులను పిలువవలెను. అప్పుడు వారు రక్షకులే గాని ప్రశ్నించువారు కారు.

ఈ ధర్మము మనకు పరాయిది కాదు. పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరికినవారు కలెక్టరునకు వ్రాసి తెలుపవలెనని మన దేశమున 1878లోనే చట్టము వెలసినది. దొరికిన పురావస్తువు విలువ దాని లోహములో మాత్రమే లేదు. అది ఏ చోట, ఎంత లోతున, ఏయే వస్తువుల సరసన నుండెనో ఆ సమాచారములోను కలదు. దొంగచాటుగా పెకలించిన నాణెము చరిత్రకు మూగదై పోవును. అనుమతి పత్రము పోలీసును తృప్తిపరచుటకు మాత్రమే కాదు. మనకు ముందు ఆ నేలపై నడచినవారి జాడ చెడకుండ కాపాడుటకును.