వీడియో క్రీడా ప్రభేదములు – లక్షణ విచారము

వస్తువు, నేత, రసము అను మూడింటి భేదమును బట్టి రూపకములు భిన్నములగుచున్నవని ధనంజయుని దశరూపకము తెలుపుచున్నది. విభాగమునకు ముందు విభాజక ధర్మమును చెప్పుట శాస్త్రమర్యాద. వీడియో క్రీడల పరిశోధనకును ఈ మర్యాద ఆవశ్యకము. ఏలయన, అందు వాడుకలోనున్న పేర్లు ఏకధర్మాశ్రితములు కావు. ‘షూటింగ్’ అను పేరు క్రీడాకారుని చేష్టను, ‘హారర్’ అనునది రసమును, ‘ఫస్ట్ పర్సన్’ అనునది దృష్టిని ఆశ్రయించినవి.

క్రిస్ క్రాఫర్డ్ 1984 నాటి తన గ్రంథమున కంప్యూటర్ క్రీడలను నైపుణ్య చేష్టా ప్రధానములు, వ్యూహ ప్రధానములు అని రెండుగా విభజించెను. మార్క్ వుల్ఫ్ 2001లో క్రీడాకారుని చేష్టనే ముఖ్యాధారముగా గ్రహించి నలువదికి పైగా ప్రభేదములను పేర్కొనెను. ఒకే క్రీడ పెక్కింటియందు చేరవచ్చుననియు అంగీకరించెను.

లక్షణము లక్ష్యములో కొంతభాగమును విడుచుట అవ్యాప్తి. అలక్ష్యమునకును చెందుట అతివ్యాప్తి. “పాత్ర కన్నులతో చూచుచు ఆయుధమును ప్రయోగించునది షూటింగ్ క్రీడ” అన్నచో 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌నందు అవ్యాప్తి. అందు ఫిరంగి తెర అడుగున కనబడుచు ఇరుప్రక్కలకు కదలును. “తుపాకివంటి సాధనమును ప్రయోగించునది” అని సడలించినచో 2007 నాటి పోర్టల్‌నందు అతివ్యాప్తి. అందలి సాధనము గోడలయందు ద్వారములు కల్పించునేగాని శత్రువులను కూల్చునది కాదు. కావున “గురిచూచి కాల్చి కూల్చుటయే ప్రధాన చేష్టగా గలది” అనుట మేలు.

లక్షణము కుదిరినను సాంకర్యము మిగులును. ఉదయనాచార్యుడు జాతిబాధకములలో సంకరమును పరిగణించెను. భూతత్వము ఆకాశమునందు, మూర్తత్వము మనస్సునందు విడివిడిగా నుండి పృథివియందు కలిసియున్నవి. కనుక అవి జాతులు కావు, ఉపాధులు. అట్లే ఉత్తమపురుష దృష్టి 1993 నాటి డూమ్‌నందు, చిక్కువిడుపు టెట్రిస్‌నందు విడివిడిగా నుండి పోర్టల్‌నందు కలిసియున్నవి. కాబట్టి ఇట్టి క్రీడాప్రభేదములును ఉపాధులే. ఒక క్రీడకు ఒకే ప్రభేదముండవలెనను నియమము నిలువదు.

ఇది కేవలము పదవివాదము కాదు. ఒక పరిశోధకుడు పోర్టల్‌ను షూటింగ్ క్రీడలలో చేర్చి, వేరొకడు విడిచినచో, ఆ క్రీడల ప్రభావమును గూర్చి ఇరువురు చెప్పు సిద్ధాంతములు ఒకే లక్ష్యమును గూర్చినవి కావు. వానిని పోల్చుట నిష్ఫలము. అందువలన దృష్టి, చేష్ట, రసము అను ధర్మములను వేర్వేరుగా గుర్తించి, తాను ఏ ధర్మమును బట్టి విభజించినది ముందుగనే తెలుపుట పరిశోధకుని ప్రథమ కర్తవ్యము.