కొవ్వాడ తీరాన వేల ఏండ్ల ప్రశ్న

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో, బంగాళాఖాతపు అంచున, కొవ్వాడ అనే పల్లె ఉన్నది. సముద్రంలోకి వేటకు పోయి, వలలో పడినదానితో బ్రతికే మత్స్యకారుల తీరమది. 2009లో కేంద్ర ప్రభుత్వం అమెరికా రియాక్టర్లకై ఎంచుకొన్న స్థలాలలో ఈ ఊరి పేరు చేరినది. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల ఆరు రియాక్టర్లు ఇచ్చట నెలకొల్పుటకు 2016లో ఉభయ దేశాలు సమ్మతించినవి. మరుసటి ఏడు వాటిని నిర్మించవలసిన వెస్టింగ్‌హౌస్ సంస్థయే దివాలా తీసినది. అయినను ప్రతిపాదన సమసిపోలేదు. ఊరు విడువవలసి వచ్చునన్న మాట విన్న కుటుంబాలకు ఇది కేవలం పండితుల వాదం కాదు, ఇంటి సంగతి.

అణువిద్యుత్తును కోరేవారి వాదాన్ని తేలికగా తోసివేయరాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు చీకటిలో రోజులు గడిపిన ఉత్తరాంధ్రకు విద్యుత్తు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. బొగ్గుతో దానిని పొందుదామన్నను చిక్కే. థర్మల్ కేంద్రాలను ఎదిరించి 2010లో సోంపేటలోను, 2011లో కాకరాపల్లిలోను ప్రజలు పోలీసు కాల్పులకు బలియైన జిల్లా ఇది. వేయి మెగావాట్ల బొగ్గు కేంద్రానికి ఏటా లక్షల టన్నుల బొగ్గు కావాలి. అంతే శక్తినిచ్చే రియాక్టరుకు ఏటా సుమారు పాతిక, ముప్పది టన్నుల ఇంధనం చాలును. దాని నుండి పొగ రాదు, బొగ్గుపులుసు వాయువు రాదు.

ఎదిరించేవారు ఫుకుషిమాను గుర్తుచేస్తారు. 2011 మార్చి 11న జపానులో భూకంపం రాగానే అచ్చటి రియాక్టర్లు ఆగినవి. కాని ఆగిన రియాక్టరు వెంటనే చల్లబడదు. చల్లార్చే పంపులకు విద్యుత్తునిచ్చే యంత్రాలను సునామీ ముంచివేయగా ఇంధనం కరిగిపోయినది. కొవ్వాడ కూడ కడలి ఒడ్డే. 2018లో తిత్లీ తుఫాను తాకినదీ ఈ జిల్లానే.

ప్రమాదం ఎన్నడును జరుగకపోవచ్చును. వ్యర్థం మాత్రం తప్పక మిగులును. వాడిన ఇంధనాన్ని మొదట కొన్ని ఏండ్లు నీటి తొట్లలో చల్లార్చుతారు. దానిని పారవేయక శుద్ధిచేసి, పనికివచ్చే యురేనియం, ప్లుటోనియంలను వేరుచేయుట మన దేశపు విధానం. తారాపూరు, కల్పాక్కంలలో అట్టి కర్మాగారాలు ఉన్నవి. చివరకు మిగిలిన విషద్రవాన్ని కరిగిన గాజులో కలిపి, ఉక్కు పాత్రలలో భద్రపరుస్తారు. దీనివలన వ్యర్థపు పరిమాణం తగ్గును. అది శూన్యం కాదు. అందులోని సీసియం 137 సగమగుటకు 30 ఏండ్లు పట్టును. ప్లుటోనియం 239 సగమగుటకు 24,100 ఏండ్లు కావాలి. అందుకే ఫిన్లాండు దేశం నాలుగు వందల మీటర్లకు పైగా లోతున, రాతిపొరలో, శాశ్వత నిక్షేపాన్ని తొలిచినది. మన దేశంలో అట్టిది ఇంకను వెలయలేదు.

ఇరువదినాలుగు వేల ఏండ్లంటే ఎంత? వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్తూపాలకు సుమారు రెండువేల ఏండ్లు. అచ్చటి బ్రాహ్మీ లిపిని నేడు శాసన పండితులు తప్ప చదువలేరు. తొలి తెలుగు శాసనంగా పేరొందిన కలమళ్ళ శాసనానికి పదునైదు వందల ఏండ్లయినను నిండలేదు. అదియు నేటి పట్టభద్రునికి కొరుకుడు పడదు. అట్లైన, ‘ఇచ్చట త్రవ్వవద్దు’ అని ఏ భాషలో, ఏ లిపిలో వ్రాసి పోగలం?

రాబోవు తరాలతో మాట్లాడుట మన చేతిలో లేదు. నేటివారితో మాట్లాడుట మన చేతిలోనే ఉన్నది. జనం మాట్లాడే మాటలోనే చదువు చెప్పవలెనని పోరాడిన గిడుగు రామమూర్తి ఈ జిల్లావాడే. వాడిన ఇంధనం కొవ్వాడలో ఎన్నేండ్లు ఉండును? ఏ దారిన, ఎచ్చటికి పోవును? కాపలా ఎవరిది? కీడు జరిగిన పరిహారం ఎవరిది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు సాంకేతిక నివేదికలలో కాదు, తీరపు తెలుగులో చెప్పవలెను. చెప్పిన పిదపనే సమ్మతి అడుగవలెను. అర్థంకాని కాగితంపై పెట్టించుకొన్న వ్రేలిముద్ర సమ్మతి అనిపించుకోదు.