కండకు బలం ఎక్కడిది?

బాలలూ! పల్నాడు జిల్లాలోని సత్తెనపల్లి పరిసరాలు మిరపకూ, పత్తికీ పేరుపడినవి. మిరప కోతల రోజుల్లో అటు వెళ్ళి చూడండి. ముఠా కూలీలు 40 కిలోల పైబడిన మిరప టిక్కీలను వీపున వేసుకుని చకచకా లారీల మీదికి ఎక్కిస్తూ ఉంటారు. అంత బలం ఎక్కడిదని అడిగితే, "తిన్న అన్నం బలమే!" అంటారు పెద్దలు. ఆ మాట నిజమే. కాని అన్నం పడేది పొట్టలో, బరువు మోసేది కాళ్ళూ, వీపూ గదా! పొట్టలోని అన్నం కండలో బలంగా ఎలా మారుతున్నది? చక్కెర జబ్బు, అంటే మధుమేహం, ఉన్నవారికి కడుపు నిండా తిన్నా నీరసం ఎందుకు వస్తున్నది?

మొదటి ప్రశ్నకు జవాబు వెతికిన వారిలో ఒక తెలుగువాడు ఉన్నాడు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసులో వైద్యం చదివి, 1922లో అమెరికా వెళ్ళి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ సైరస్ ఫిస్కే అనే శాస్త్రజ్ఞుడితో కలిసి, శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఒకటి కనిపెట్టి 1925లో ప్రకటించాడు. ఈ పద్ధతిలో ద్రావకం నీలంగా మారుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ అన్న మాట.

ఆ పద్ధతితో పిల్లి కండను పరీక్షిస్తూంటే ఒక వింత బయటపడింది. భాస్వరం కలిసిన ఒక పదార్థం, కండ పని చేసినప్పుడు తరిగిపోతున్నది; కండకు విశ్రాంతి ఇస్తే మళ్ళీ పెరుగుతున్నది! 1927లో వెల్లడి అయిన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1929లో వారిద్దరూ కండలో మరొక పదార్థాన్ని కనుగొన్నారు. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పొట్టిగా ఏ.టి.పి. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దీన్ని విడిగా కనిపెట్టాడు.

ఏ.టి.పి. చేతిలోని చిల్లర డబ్బు వంటిది. కండ కదలాలంటే ఈ చిల్లర చెల్లించి తీరాలి. కాని పూర్తి బలంతో పరుగెత్తితే అది రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. అప్పుడు ఫాస్ఫోక్రియాటిన్, బొడ్డులో దోపుకున్న సంచిలాగా, వెంటనే ఆదుకుంటుంది. అదీ పది సెకన్ల ముచ్చటే. ఆ తరువాత ఎప్పటికప్పుడు కొత్త చిల్లర తయారు కావలసిందే. అది తయారు కావడానికి సరుకు చక్కెర, కొవ్వు. మనం తిన్న అన్నం గ్లూకోజు అనే చక్కెరగా మారి నెత్తురులో కలుస్తుంది. కండలోని జీవకణాలు ఆ చక్కెరను తీసుకుని కొంత దాచుకుంటాయి, కొంత వాడుకుంటాయి. వాటి లోపల మైటోకాండ్రియా అనే అతి చిన్న యంత్రాలు ఉన్నాయి. మనం పీల్చిన ప్రాణవాయువుతో అవి ఈ సరుకును మండించి ఏ.టి.పి. తయారు చేస్తాయి.

ఇప్పుడు మధుమేహం సంగతి చూద్దాం. జీవకణాన్ని ఒక పత్తి మిల్లు అనుకోండి. లోపల యంత్రాలు సిద్ధంగా ఉన్నాయి, బయట పత్తి లారీలు బారులు తీరాయి. కాని గేటు తియ్యలేదు! రోడ్డంతా లారీలతో కిక్కిరిసిపోతుంది, లోపల మాత్రం పత్తి ఉండదు. మధుమేహంలో జరిగేది ఇదే. ఆరోగ్యవంతుడి నెత్తురు మొత్తంలో, పరగడుపున ఉండే చక్కెర సుమారు 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు. మధుమేహంలో అది బాగా పెరిగిపోతుంది. అయినా కండలోకి పోవలసినంత పోదు.

మరి గేటు తెరిచేది ఎవరు? ఇన్సులిన్. పొట్టలో ఉండే క్లోమం అనే గ్రంథి దీన్ని తయారు చేస్తుంది. కండకణంలో చక్కెరకు తలుపులు ఉన్నాయి. శాస్త్రజ్ఞులు వాటికి గ్లూట్-4 అని పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే, ఈ తలుపులు చాలా వరకు కణం లోపలనే దాగి ఉంటాయి. ఇన్సులిన్ కబురు అందగానే పైకి వచ్చి కణం గోడలో అమరుతాయి. అప్పుడు చక్కెర లోపలికి వెళుతుంది.

మధుమేహంలో రెండు ముఖ్యమైన రకాలు ఉన్నాయి. ఎక్కువగా పిల్లల్లో కనిపించే మొదటి రకంలో ఇన్సులిన్ దాదాపు తయారు కాదు. కబురు చెప్పేవాడే లేడన్న మాట. పూర్వం ఈ జబ్బు వచ్చిన పిల్లలు చిక్కి శల్యమై చనిపోయేవారు. 1922 జనవరిలో కెనడాలోని టొరాంటోలో 14 ఏళ్ళ లియొనార్డ్ థాంప్సన్ అనే కుర్రవాడికి మొదటిసారిగా ఇన్సులిన్ ఇచ్చారు. అప్పటి నుంచి అటువంటి పిల్లలు బతికి బట్టకట్టడం మొదలయింది. పెద్దవారిలో ఎక్కువగా వచ్చే రెండో రకంలో ఇన్సులిన్ ఉంటుంది, కాని కండ ఆ కబురు సరిగా వినిపించుకోదు. కండకణాల్లో పేరుకున్న కొవ్వు ఇందుకు ఒక కారణమని శాస్త్రజ్ఞులు చెబుతారు.

ఇక్కడ సుబ్బారావుగారి పదార్థం మళ్ళీ అక్కరకు వచ్చింది. ఈనాడు కండను కొయ్యకుండానే, బలమైన అయస్కాంతం గల యంత్రంతో ఫాస్ఫోక్రియాటిన్‌ను కొలుస్తున్నారు. వ్యాయామం చేస్తే తరిగిన ఆ పదార్థం తిరిగి నిండటానికి, రెండో రకం మధుమేహం ఉన్న కొందరిలో ఎక్కువసేపు పడుతున్నదని పరిశోధనల్లో తేలింది. అంటే వారి కండల్లో తలుపులే కాదు, మైటోకాండ్రియాలు కూడా మందగించాయన్న మాట.

అయితే నిరాశపడనక్కరలేదు. ఆ తలుపులకు మరొక కబురు కూడా వినపడుతుంది. కండ ముడుచుకుని సాగితే చాలు, ఇన్సులిన్ పిలవకపోయినా తలుపులు పైకి వస్తాయి! రెండో రకం మధుమేహం ఉన్నవారిలో కూడా ఈ దారి చక్కగా పని చేస్తుంది. ఒకసారి బాగా నడిస్తే, ఆ తరువాత ఒకటి రెండు రోజుల దాకా కండ ఇన్సులిన్ మాట బాగా వింటుంది. రోజూ నడిస్తే మైటోకాండ్రియాలు కూడా పెరుగుతాయి. అంచేత మీ తాతగారిని వైద్యుడు నడవమంటే, "నేనూ వస్తాను పద, తాతా!" అని చెయ్యి పట్టుకుని బయలుదేరండి. కాని ఒక్క మాట: నడుస్తున్నాం గదా అని మందులు మానరాదు. మొదటి రకం వారు ఇన్సులిన్ అసలే మానరాదు, మానితే ప్రాణాపాయం.

మీ తరగతిలో ఇన్సులిన్ తీసుకునే పిల్లవాడు ఉండవచ్చు. ఎక్కువ తీపి తిన్నందువల్ల అతనికి ఆ జబ్బు రాలేదు. అది అంటుకునేదీ కాదు. అతన్ని ఆటలో చేర్చుకోండి. ఆటలో అతనికి ఉన్నట్టుండి చెమట పట్టి, చేతులు వణికితే, నెత్తురులో చక్కెర మరీ తగ్గిందేమోనని అనుమానించాలి. వెంటనే చక్కెర నీళ్ళో, బెల్లమో ఇచ్చి మాస్టారికి చెప్పండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ వెయ్యకుండా, పెద్దలను కేకవెయ్యండి. ఆ సమయంలో చెంచాడు చక్కెర విలువ తెలిసిన స్నేహితుడు పక్కన ఉంటే, అతనికి అంతకన్న ఏం కావాలి?