కొలత ఎవరిది? వైద్య పరికరాల దత్తాంశం - ఆసుపత్రి సమాచార వ్యవస్థ - పల్నాటి పేర్లు

వ్యాససంగ్రహం:

వైద్య పరికరాలు ఇచ్చే కొలతలు చేతిరాత ప్రమేయం లేకుండా రోగి రికార్డులోకి చేరే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. కొలతను రికార్డుకు చేర్చడం కంటే అది ఎవరిదో తప్పకుండా నిలపడమే కష్టమని, తెలుగువారి నామ సంప్రదాయం వల్ల ఆ కష్టం పెరుగుతుందని పల్నాటి పేర్ల ఆధారంగా ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వైద్య పరికరాలు, దత్తాంశం, హెచ్‌ఎల్7, డైకామ్, ఆభా, ఇంటిపేరు, లిప్యంతరీకరణం, పల్నాడు.

1. ప్రవేశిక:

నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న ఈ జిల్లాలోని లింగంగుంట్లలోనే రాష్ట్ర ప్రభుత్వం ‘ఫ్యామిలీ డాక్టర్’ విధానాన్ని లాంఛనంగా ప్రారంభించింది. ఊళ్ళో చూసిన రోగి వివరాలు పై ఆసుపత్రిలోనూ కనబడితేనే ఇటువంటి విధానం పూర్తిగా ఫలిస్తుంది. మాచర్లలో రక్తపరీక్ష చేయించుకొన్న మనిషి గుంటూరు సర్వజనాసుపత్రికి చేరాలంటే నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. చేతిలోని కాగితం దారిలో పోతే పరీక్ష మళ్ళీ మొదటికి వస్తుంది. కాగితం పోకపోయినా, అందులోని అంకె యంత్రం చూపిన అంకేనా అన్న ప్రశ్న మిగులుతుంది. 11.2ను 12.1గా ఎక్కించడానికి క్షణం పరధ్యానం చాలు.

2. పరికరం నుండి రికార్డు దాకా:

రక్తకణాలను లెక్కించే సెల్ కౌంటరును ఉదాహరణగా తీసుకొందాం. రోగి నమోదైనప్పుడు ఒక సంఖ్య పుడుతుంది. వైద్యుడు పరీక్ష రాయగానే ఆ సంఖ్యతో ముడిపడిన బార్‌కోడు ముద్రితమై రక్తపు గొట్టం మీదికి చేరుతుంది. యంత్రం బార్‌కోడును చదివి, ఏ పరీక్ష చేయాలో ప్రయోగశాల కంప్యూటరును అడిగి తెలుసుకొని, ఫలితాన్ని అదే సంఖ్యతో తిరిగి పంపుతుంది. ఈ సంభాషణలో చాలా యంత్రాలు ఏఎస్‌టీఎం అనే ప్రమాణ భాషను వాడతాయి. ఆసుపత్రి వ్యవస్థకు అర్థమయ్యేది సాధారణంగా హెచ్‌ఎల్7 భాష. దానిని రూపొందించిన సంస్థ 1987లో అమెరికాలో ఏర్పడింది. రెండింటి మధ్య మిడిల్‌వేర్ అనే దుబాసి నిలుస్తుంది. ఎక్స్‌రే, స్కానింగు చిత్రాలకు డైకామ్ అనే మరో ప్రమాణం ఉంది. 1985లో వచ్చిన తొలి ప్రమాణానికి 1993లో ఆ పేరు స్థిరపడింది.

దుబాసి పని మాట మార్చడంతో తీరదు, అర్థం చెడకుండా చూడాలి. ఒక యంత్రం ‘షుగరు’ అంటుంది, మరొకటి ‘గ్లూకోజు’ అంటుంది. పర్యాయపదాలని మనం సరిపెట్టుకొన్నా కంప్యూటరు సరిపెట్టుకోదు. అందుకే 1994లో మొదలైన లోయింక్ అనే సంకేత నిఘంటువులో రక్తద్రవంలోని గ్లూకోజుకు 2345-7 అని, పరగడుపున తీసిన రక్తంలోని గ్లూకోజుకు 1558-6 అని వేర్వేరు సంకేతాలున్నాయి. ప్రమాణాంశం కూడా కొలతతోపాటే ప్రయాణించాలి. డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములన్నా, లీటరుకు 7 మిల్లీమోళ్ళన్నా ఒకటే గ్లూకోజు. అంకె మాత్రమే చేరితే 7 ప్రాణాపాయ సూచనగా కనబడుతుంది.

3. పేరు తెచ్చే చిక్కు:

ఇంతవరకు చెప్పినది ప్రపంచమంతటా ఒకటే. బార్‌కోడు లేని చోట, లేదా అది చెరిగిపోయిన వేళ, సిబ్బంది యంత్రం మీద పేరు టైపు చేస్తారు. సాహిత్య విద్యార్థికి ఈ విషయంతో పని పడేది అక్కడే.

హెచ్‌ఎల్7 సందేశంలో రోగి పేరుకు కేటాయించిన గడిలో మొదటి భాగం కుటుంబనామం, రెండోది వ్యక్తినామం. తెలుగువారికీ ఇంటిపేరే ముందు వస్తుంది కాబట్టి ఇది మనకు అనుకూలమని తోస్తుంది. అయితే వాడుకలో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా కుదించుకుపోతుంది, కొన్నిచోట్ల పేరు చివరికి జరుగుతుంది, పెళ్ళయిన స్త్రీకి మారవచ్చు. ఒకే మనిషి మూడు రికార్డులుగా విడిపోవడానికి ఇది చాలు.

దీనికి విపరీతమైన ప్రమాదం కూడా ఉంది: ముగ్గురు మనుషులు ఒకే రికార్డులో కలిసిపోవడం. నరసరావుపేట ప్రాంతంలో కోటప్పకొండ త్రికోటేశ్వరుని పేర కోటయ్య, కోటమ్మ, కోటేశ్వరరావు ఇంటింటా వినబడతారు. మాచర్ల వైపు చెన్నకేశవుని పేర చెన్నయ్యలు, చెన్నకేశవులు ఉంటారు. బ్రహ్మనాయుడు వంటి పేర్లు పల్నాటి వీరచరిత్ర నుండి నేటి హాజరు పట్టీలోకి నడిచి వచ్చాయి. (మా తరగతిలోనూ కోటేశ్వరరావులను ఇంటిపేరుతో పిలవక తప్పదు.) ఈ పేరును ఆంగ్లలిపిలో రాసేటప్పుడు ‘ఎస్’ తర్వాత ‘హెచ్’ రావాలా, ‘వి’ రాయాలా ‘డబ్ల్యూ’ రాయాలా, ‘రావు’ను విడిగా రాయాలా అన్నది గుమాస్తా ఇష్టం. తెలుగులో ఒకే రూపం ఉన్న పేరుకు అక్కడ అరడజను రూపాలు పుడతాయి. రక్తం ఎక్కించే సందర్భంలో ఒక కోటమ్మ రక్తవర్గం మరొక కోటమ్మ రికార్డులో పడితే జరిగేది మరణం కావచ్చు. యంత్రం కొలత సరైనదే అయినా ప్రాణం పోతుంది.

4. సంఖ్యకు తోడు తెలుగు పేరు:

కాబట్టి యంత్రాల మధ్య గుర్తింపు సంఖ్యతోనే జరగాలి. 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే ఆభా సంఖ్యకు 14 అంకెలు. ఇది ఒక ఆసుపత్రి రికార్డును మరొక ఆసుపత్రికి కలుపుతుంది. ఆసుపత్రి లోపల యంత్రాన్ని రికార్డుకు కలిపే పని మాత్రం ఆ ఆసుపత్రే చేసుకోవాలి. ఈ తేడాను గమనించక, ఆభా ఉంటే అంతా కలిసిపోయినట్లేనని భావించడం పొరపాటు.

అయినా సంఖ్య మనిషికి గుర్తుండదు. మంచం పక్కన నిలిచిన నర్సుకు పేరే ఆధారం. ఆ పేరును తెలుగులిపిలో చూపడానికి సాంకేతికమైన అడ్డంకి లేదు. డైకామ్ ప్రమాణం యూనికోడును అంగీకరిస్తుంది. అంతేకాదు, చైనా, జపాన్, కొరియా పేర్ల కోసం ఒకే గడిలో అక్షర, భావలిపి, ఉచ్చారణ రూపాలు మూడింటికి చోటు కల్పించింది. తూర్పు ఆసియా భాషలవారు పట్టుబట్టి సాధించుకొన్న ఈ వెసులుబాటు వంటిది మన ఆసుపత్రుల కొనుగోలు నిబంధనలలో ఒక వాక్యమైనా కావాలని నా అభిప్రాయం.

తెర మీద ఆంగ్లంలో పొడి అక్షరాలతో ఉన్న పేరును చదివి, “మామ్మా, నువ్వు కోటమ్మవేగా?” అని అడిగితే, సగం వినబడిన ముసలామె “ఆఁ” అంటుంది. తెర మీద తెలుగులో పూర్తి పేరు, ఇంటిపేరు, ఊరు ఉంటే, “మామ్మా, నీ పేరేంటి? ఏ ఊరు?” అని అడిగి, ఆమె చెప్పిన మాటను తెరతో పోల్చి చూసుకోవచ్చు.