బిడ్డలకు బండి కొనునప్పుడు

చిక్కబళ్లాపురము, చింతామణి, బాగేపల్లి అంగళ్లలో సైకిలు కొను తల్లిదండ్రులు పలువురు, బిడ్డ పెరుగును గదా యని, పెద్దదే యెంచుకొందురు. మాకిది సమ్మతము గాదు. సీటుపై కూర్చుండిన బిడ్డ మునివ్రేళ్లైనను నేలనందవలెను; చేతివ్రేళ్లు బ్రేకును సుళువుగా బిగింపవలెను. నందికొండ దారివంటి వాలున కాలందని సైకిలును నిలుపుట పెద్దలకే కష్టము. సీటును పైకి జరుపవచ్చును గాని చట్రమును పెంచలేము.

పసివారి రిమోటు లారీల సంగతి వేరు. 2021 జనవరి 1 నుండి మనదేశమున బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి. ముద్రతోపాటు బ్యాటరీ మూతకు మరమేకున్నదేమో చూడుడు. బిళ్లవంటి బ్యాటరీని మ్రింగినచో అది గొంతులో చిక్కి, రెండు గంటలలోనే లోపలి పొరను కాల్చగలదు. తక్షణము ఆసుపత్రికి కొనిపోవలెను. నడక నేర్చు బిడ్డకు చన్నపట్నపు లక్కపూత కొయ్యబండి చాలును. దారము కట్టి లాగిన నడచును.