పిడుగు పడింది, ఫోన్ మోగలేదు: నోటిఫికేషన్ ఎక్కడ ఆగిపోతోంది?

బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు వెళ్లే ప్యాసింజర్ రైలు సుమారు 30 కిలోమీటర్లు సాగాక కర్గీ రోడ్ స్టేషన్ వస్తుంది. స్టేషన్ పేరు కర్గీ రోడ్, ఊరి పేరు కోట. రాజస్థాన్‌లోని కోటా వేరు, ఇది ఛత్తీస్‌గఢ్‌లోని కోట. చుట్టూ వరి పొలాలు, అవి దాటితే అచానక్‌మార్ అడవి. విశాఖపట్నంలో చదువుకున్న సర్ సి.వి. రామన్ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం కూడా ఇక్కడే ఉంది. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ బిలాస్‌పూర్ ప్రాంతంలో తెలుగు రైల్వే కుటుంబాలు ఉంటూ వస్తున్నాయి కాబట్టి ఈ పేర్లు తెలుగువారికి కొత్తేమీ కావు.

వానాకాలం మొదలైతే ఈ ప్రాంతానికి ఉండే భయం పిడుగు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. వీరిలో పొలాల్లో పనిచేసుకునేవారే ఎక్కువ. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ ‘దామిని’ యాప్‌ను రూపొందించింది ఇందుకే. మెరుపు మెరిసినప్పుడు వెలువడే రేడియో తరంగాలను దేశంలో వేర్వేరు చోట్ల ఉన్న సెన్సర్లు పట్టుకుంటాయి. ఒక్కో సెన్సర్‌కు తరంగం చేరిన సమయంలో తేడాను బట్టి మెరుపు ఎక్కడ పుట్టిందో లెక్క తేలుతుంది. మీకు 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతుంటే ఫోన్‌కు హెచ్చరిక రావాలి.

రావాలి, కానీ ఒక్కోసారి రాదు. బ్యాంకు సందేశం, రైలు ఆలస్యం సమాచారం, డ్యూటీ పిలుపు లాంటివి కూడా ఇలాగే యాప్ తెరిచాక ఒక్కసారిగా వచ్చి పడుతుంటాయి. ‘నెట్ బాగా లేదు’ అని సరిపెట్టుకుంటాం. చాలాసార్లు తప్పు నెట్‌ది కాదు.

సర్వర్ నుంచి నోటిఫికేషన్ నేరుగా యాప్‌కు రాదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువ భాగం గూగుల్ సర్వర్‌తో ఒకే ఒక కనెక్షన్‌ను ఎప్పుడూ తెరిచి ఉంచుతాయి. అన్ని యాప్‌ల సందేశాలూ ఆ దారినే వస్తాయి. ఊళ్లోని దుకాణాలన్నిటి సరుకూ ఒకే పార్సిల్ ఆఫీసులో దిగినట్టన్నమాట. ఐఫోన్‌లో ఈ పని యాపిల్ సర్వర్లు 2009 నుంచీ చేస్తున్నాయి. ప్రతి యాప్ తన కనెక్షన్ తాను పెట్టుకుంటే బ్యాటరీ మధ్యాహ్నానికే ఖాళీ అవుతుంది. కాబట్టి ఏర్పాటు మంచిదే. చిక్కంతా పార్సిల్ దిగాక, యాప్‌ను నిద్ర లేపే దగ్గర వస్తుంది.

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6తో ‘డోజ్’ అనే నిద్ర పద్ధతి మొదలైంది. ఛార్జింగ్‌లో లేకుండా, తెర ఆరిపోయి, కొంతసేపు కదలకుండా ఉన్న ఫోన్ యాప్‌లకు నెట్‌వర్క్‌ను ఆపేస్తుంది. అప్పుడప్పుడు కాసేపు మెలకువలోకి వచ్చి, పేరుకున్న పనులు ముగించి మళ్లీ నిద్రపోతుంది. ఫోన్‌ను ఎంతసేపు కదపకుంటే ఆ మెలకువల మధ్య ఎడం అంత పెరుగుతుంది. మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ 7లో జేబులో కదులుతున్న ఫోన్‌కూ తేలికపాటి నిద్ర వచ్చింది. పంపేవారు ‘అత్యవసరం’ అని ముద్ర వేసిన సందేశం మాత్రమే ఈ నిద్రను చీల్చుకుని వస్తుంది. మామూలు సందేశం తర్వాతి మెలకువ దాకా ఆగాల్సిందే. గట్టు మీద చొక్కా మడతలో పెట్టిన ఫోన్ అంటే డోజ్‌కు కావలసిన షరతులన్నీ కుదిరినట్టే.

అయినా పిడుగు యాప్ విషయంలో డోజ్ కంటే పెద్ద అడ్డంకి ఇంకొకటి ఉంది. ఈ యాప్‌ను జూన్‌లో వేసుకుంటారు. వానలు పోయాక ఎవరూ తెరవరు. ఆండ్రాయిడ్ 11 (2020) నుంచి నెలల తరబడి తెరవని యాప్‌కు మీరిచ్చిన అనుమతులను ఫోన్ తనంతట తానే వెనక్కి తీసుకుంటోంది. ఆండ్రాయిడ్ 12 నుంచి అలాంటి యాప్‌ను పూర్తిగా నిద్రాణస్థితిలోకి నెడుతోంది. ఆ స్థితిలో అత్యవసర ముద్ర ఉన్న సందేశం కూడా అందదు. అంటే ఏడాదిలో నాలుగు నెలలే పనికొచ్చే యాప్ సరిగ్గా ఆ నాలుగు నెలలు మొదలయ్యే వేళకు మూగబోయి ఉంటుంది. వాడని యాప్‌లు గుట్టుగా సమాచారం లాగకుండా ఆపడం కోసం చేసిన ఏర్పాటిది. ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ రుతువులను బట్టి వాడే యాప్ ఒకటి ఉంటుందని దీన్ని రూపొందించినవారికి తట్టినట్టు లేదు. యాప్ సమాచారం పేజీలో ‘వాడకపోతే యాప్‌ను నిలిపివేయి’ అనే అర్థం వచ్చే స్విచ్ ఉంటుంది. దాన్ని ఆపేస్తే ఈ బెడద తీరుతుంది.

తర్వాతిది లొకేషన్. 2019లో ఆండ్రాయిడ్ 10 నుంచి ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అనే ఎంపిక వచ్చింది. మనలో చాలామంది దాన్నే నొక్కుతాం. మ్యాప్‌కు అది చాలు. మీరున్న చోటును బట్టి హెచ్చరించే యాప్‌కు చాలదు. బిలాస్‌పూర్ ఇంట్లో చివరిసారి తెరిచి కోట వచ్చేస్తే, అలాంటి యాప్ దృష్టిలో మీరింకా బిలాస్‌పూర్‌లోనే ఉండవచ్చు. ‘ఎల్లప్పుడూ’ అని అనుమతిస్తే బ్యాటరీ కొంత ఎక్కువ ఖర్చవుతుంది. వానాకాలానికి ఆ ఖర్చు పెట్టుకోవచ్చు.

ఇవి చాలవన్నట్టు కొన్ని కంపెనీల ఫోన్లు తమ సొంత కత్తెర కూడా వేస్తాయి. ‘ఆటోస్టార్ట్’ అనుమతి లేని యాప్‌ను తెర ఆరగానే ఆపేస్తాయి. ఇటీవలి యాప్‌ల జాబితాలోంచి వేలితో తోసేసిన యాప్‌ను బలవంతంగా మూసేసినట్టే లెక్కిస్తాయి. అలా మూసేసిన యాప్‌ను మీరే మళ్లీ తెరిచేదాకా ఏ సందేశమూ చేరదు. అవసరమైన యాప్‌కు బ్యాటరీ విభాగంలో ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ ఎంచుకోవడం, ఆటోస్టార్ట్ ఆన్ చేయడం, జాబితాలో తాళం గుర్తు పెట్టడం దీనికి మందు.

ఇక మన చేత్తో మనమే చేసుకున్న నిశ్శబ్దం ఒకటుంది. 2017 నుంచి ఒక్కో యాప్‌లో నోటిఫికేషన్లు వేర్వేరు చానళ్లుగా విడిపోయాయి. ప్రకటన వచ్చిందని విసుక్కుని ఒకసారి ‘సైలెంట్’ నొక్కితే ఆ చానల్‌లో తర్వాత వచ్చే అసలు సంగతి కూడా చప్పుడు చేయదు. ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్త యాప్ ముందుగా అనుమతి అడగాలి. రెండుసార్లు కాదంటే మళ్లీ అడగదు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే రన్నింగ్ స్టాఫ్ ఇళ్లలో ‘డూ నాట్ డిస్టర్బ్’ పగటి వేళకు పెట్టి ఉండడం మామూలే. ఐఫోన్‌లో ‘ఫోకస్’ చేసేదీ అదే.

లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి తేలికైన పద్ధతి ఉంది. ఆండ్రాయిడ్ 11 నుంచి సెట్టింగ్స్‌లో ‘నోటిఫికేషన్ హిస్టరీ’ ఉంటుంది. ముందే ఆన్ చేసి పెట్టుకోవాలి. హెచ్చరిక అందులో కనిపిస్తే ఫోన్‌కు అందినట్టే. సమస్య చానల్‌లోనో, నిశ్శబ్ద వేళల్లోనో ఉంది. అందులో లేకుండా యాప్ తెరవగానే కనిపిస్తే నిద్ర అడ్డుపడింది. యాప్ తెరిచినా లేకపోతే నెట్‌వర్క్‌ను, పంపినవారిని అనుమానించాలి. తేదీ, సమయం ఆటోమేటిక్‌గా ఉన్నాయో లేదో కూడా చూడండి. గడియారం బాగా తప్పితే సర్వర్‌తో సురక్షిత కనెక్షనే కుదరదు. పరీక్షించేటప్పుడు ఫోన్‌ను ఛార్జింగ్ నుంచి తీసి, గంటసేపు ముట్టుకోకుండా ఉంచి, వేరే ఫోన్ నుంచి సందేశం పంపించుకోవాలి. చేతిలో పట్టుకుని చూస్తే ఎప్పుడూ బాగానే పనిచేస్తుంది!

అచానక్‌మార్ వైపు వెళ్లేకొద్దీ సిగ్నల్ పలచబడుతుంది. ఫోన్ దొరకనప్పుడు గూగుల్ సర్వర్ సందేశాన్ని గరిష్ఠంగా నాలుగు వారాల దాకా దాచగలదు. ఎంతసేపు దాచాలో పంపేవారు చెప్పవచ్చు. పిడుగు హెచ్చరికకు ఆయుష్షు నిమిషాల్లోనే. గడువు దాటిన హెచ్చరికను సర్వర్ చెరిపేయడమే సరైన పని. సాయంత్రం ఇంటికొచ్చాక మోగే మధ్యాహ్నపు హెచ్చరిక వల్ల లాభమేముంది?

ఈ అడ్డంకులేవీ లేని దారి సెల్ బ్రాడ్‌కాస్ట్. టవర్ తన పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి వినిపించే ప్రకటన ఇది. ఇంటర్నెట్, యాప్, ఫోన్ నంబర్ ఏవీ అక్కర్లేదు. డోజ్‌లో ఉన్న ఫోన్ కూడా దీన్ని వింటుంది. 2023లో దేశమంతటా ఫోన్లు ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగినది ఈ పద్ధతిని పరీక్షించినప్పుడే. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ, సి-డాట్ కలిసి దీన్ని నడుపుతున్నాయి. ఆ శబ్దానికి బెదిరి కొందరు సెట్టింగ్స్‌లో ‘వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్’ను ఆపేశారు. వాటిని మళ్లీ ఆన్ చేసుకోవాలి. అయితే ఈ ప్రకటన ఒక ప్రాంతం మొత్తానికి వస్తుంది, మీరు నిలబడ్డ పొలానికి ప్రత్యేకంగా రాదు. టవర్ అందని చోటికి అసలే రాదు.

అక్కడ మిగిలేది చెవి. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. మెరుపు కనిపించాక ముప్పై లెక్కపెట్టేలోపే ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు. నాట్లు వదిలేసి గట్టి పైకప్పున్న ఇంట్లోకి వెళ్లాలి, విప్ప చెట్టు కిందికి కాదు. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రాకూడదు.